ఎండల పెట్టిన పెట్టె

రాత్రి రెండున్నరకు ఫోను టార్చి వెలిగిస్త.
నల్లి తిరిగే యాళ్ల అదే,
షిఫ్టు మారని డ్యూటీ దానిది.
పరుపు కుట్టు పొంటి వెలుగును మెల్లగ నడిపిస్త,
చెల్లని ఏటీఎం కార్డు అంచుతోని
మడతలు విప్పుకుంట పోత.
మిరియాలు దంచి చల్లినట్టు నల్లచుక్కలు.
తడి దూదితోని రాస్త:
సిరా లెక్క పారితె నల్లి ఉన్నట్టు,
పారకుంటె ఉత్త మరక.
ఈ చదువు నాకు సజా క్యాంపుల అబ్బింది.
ఊళ్లె ఏడో తరగతి దాటలే.

ఎనిమిది మంచాలు. పైన నాలుగు, కింద నాలుగు.
పొద్దుగాల్ల ఎవని చేతి మీద
వరుసగ మూడు దద్దులు లేస్తె
వాడు అంగీ చేతులు కిందికి గుంజుకుంటడు.
మంచంల నల్లి ఉన్నదంటె
వాని తల్లి సరిగ్గ పెంచనట్టు.
షఫీకుల్ నెల రోజులు అట్లనే దాచిండు.
ఆ నెలల ఒక్క మంచం నాలుగు మంచాలైంది.
అప్పుడు మాట అనుకున్నం:
కుట్టినోడు చెప్పాలె,
విన్నోడు నవ్వొద్దు.

కంపెనీ ఒకపారి మందు కొట్టిచ్చింది.
మేము వరండల కూసోని దగ్గినం.
నల్లులు గోడ దాటి పఠాన్ల రూంకు పోయి
వారం రోజులు విందు తిని
బలిసి వాపస్ వచ్చినయి.
లస్మన్న ఎక్కడ్నో చాటుగ అమ్మే గోలీలు తెచ్చిండు.
"మూసిన రూంల ఇది పెడితె
పొద్దటికి నల్లులుండయి, నిజమే.
లెక్కపెట్టెతందుకు మనం గూడ ఉండం" అన్న.
అమ్మినోని చేతికే మళ్ల ఇచ్చి వచ్చిండు.

మాకు మిగిలింది ఎండ.
జులైల పన్నెండున్నర నుంచి మూడు దాక
మనిషి బయట పనిజెయ్యొద్దని
ఇక్కడి సర్కారు ఆపే ఎండ.
ఎవనికీ పనికిరాని ఆ ఎండను
సెలవు నాడు మేము పనికి పెట్టుకున్నం.
దుప్పట్లు, దిండ్లు, చెప్పులు సుత
నల్ల కవర్లల మూతిగట్టి మిద్దె మీద పరిచినం.
మా వీపులు ఒలిచిన సూర్యుడే.
ఒక్క పూట మా దిక్కు నిలవడ్డడు.

కొమురెల్లి అజ్మాన్ క్యాంపు నుంచి మారి వచ్చింది
అసొంటి రోజే.
"పెట్టె లోపలికి తేకు" అన్నం.
వాడు ఎందుకని అడగలే.
గడప బయట నిలవడుడు
ఎప్పట్నుంచో అలవాటైనట్టు నిలవడ్డడు.
కండ్లు మాత్రం కిందికి పెట్టిండు.
ఆ నిలవడే తీరు నాకు ఎరుకే.
మా ఊళ్లె నేను గడప ఇవతలోన్ని,
చూసినోన్ని.
నోట మాట రాలే.
మంచం కింది నుంచి నా పెట్టె గుంజి
వాని పెట్టె పక్కనే ఎండల పెట్టిన.
నా అడుగు పట్టీల రెండు దొరికినయి.
వాని దాంట్ల ఒక్కటి లేదు,
మామిడి తొక్కు సీసా మూత ఊడి
మూడు అంగీలు ఎర్రబడ్డయి తప్ప.

ఆ రాత్రి వాడే అడిగిండు,
"స్క్రూడ్రైవర్ ఉన్నదా అన్నా?"
మంచం పైపు చివరి ప్లాస్టిక్ టోపీ ఊడదీసిండు.
చివికిన కొత్తిమీర వాసన గుప్పున కొట్టింది.
ఆరు నెలలు మేము బట్టలు ఉతికినం,
అవి ఇనుములుండె.
కెటిల్ల నీళ్లు మసలకాగినయి.
ఎనిమిది మంచాలు, ముప్పై రెండు కాళ్లు,
ఒక్కొక్క పైపుల పోసుకుంట
తెల్లారగట్టినం.
పొద్దున బస్సుల అందరం నిద్రపోయినం.
కొమురెల్లి తల నా భుజం మీద.
తొక్కు వాసన.

ఇప్పుడు రెండున్నరకు రెండు టార్చిలు.
నిన్న ఏం దొరకలే.
"లేవు" అని క్యాలెండరు మీద తారీకు కింద రాసిన.
కొమురెల్లి మొలకు వేలాడే ఆ క్యాలెండరు దించి
దాని వెనక సుత చూసిండు.